ఏడో మచ్చ

అక్షర దోషాలుంటే మన్నించండి. నేను బడిలో కూర్చున్నది అరవై రెండో ఏట. ఒక్క వాక్యం పూర్తయ్యేలోగా పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోతోంది. ఈ కథలోని ఇన్షిరాహ్‌ని నేనే. కానీ "నేను" అని మొదలుపెడితే చెయ్యి ఆగిపోతోంది, "ఆమె" అంటే సాగుతోంది. అందుకని అలాగే రాస్తున్నాను.

ఆ ఏడు ఇస్మాయిలియాకి చలికాలం రానేలేదు. డిసెంబరు దాటుతున్నా జనం పలచటి చొక్కాలతోనే తిరిగారు. ఊరంతా హాయిగా ఉంటే ఇన్షిరాహ్ భర్త మిత్వల్లి ఒక్కడికే ఆ వెచ్చదనం పడలేదు. అతను క్లబ్బులో క్రోకే, అంటే చెక్క సుత్తితో బంతిని కమానుల కిందుగా కొట్టే ఆట, ఆడే పచ్చికకి తోటమాలి. ఇరవై ఆరేళ్లుగా అదే పని.

ఆ పచ్చికలో అడుగున ఉండేది వేసవి గడ్డి. చలి తగలగానే అది పసుపుపచ్చగా మారి నిద్రపోతుంది. ఎండలు తగ్గాక దాని మీద చలికాలపు గడ్డి గింజలు చల్లితే, కిందది పడుకున్నంతకాలం పైది పచ్చగా లేచి నిలబడుతుంది. ఆ ఏడు చలి లేదు. కిందది పడుకోలేదు, పైది కుదురుకోలేదు. ఇరుకు మంచం మీద ఇద్దరు దుప్పటి కోసం గుంజుకున్నట్టు రెండూ నలిగిపోయాయి.

మామూలు ఏడైతే మిత్వల్లి ఓపిక పట్టేవాడు. కానీ క్లబ్బుకి కొత్త కార్యదర్శి వచ్చాడు, షౌకత్ బే. నీటిపారుదల శాఖలో చేసి దిగిపోయిన ఇంజనీరు. చెడ్డవాడు కాదు. గొంతు పెంచకుండా, తోటమాలిని కూడా పనితనానికిచ్చే మర్యాదతో "ఉస్తా" అని పిలిచి మాట్లాడేవాడు.

"ఉస్తా మిత్వల్లీ, నువ్వు ఈ గడ్డికి పోసే నీళ్లతో ఒక వీధి వీధంతా బతకొచ్చు. ప్లాస్టిక్ గడ్డి పరిచేద్దాం. నీళ్లక్కర్లేదు, కత్తిరించక్కర్లేదు."

"నేనూ అక్కర్లేదన్నమాట బేగారూ."

"నేనలా అన్నానా?"

"అనలేదు. ఫిబ్రవరి మొదటి శుక్రవారం పోర్ట్ సయీద్ వాళ్లు ఆడ్డానికి వస్తున్నారుగా. ఆ రోజుకి పచ్చిక బాగుంటే దాని జోలికి రాకండి. బాగా లేదంటే మీ ప్లాస్టిక్ మీరు పరుచుకోండి. నేనే దగ్గరుండి మేకులు కొడతా."

షౌకత్ బే సరేనన్నాడు. పచ్చిక పోతే ఉద్యోగం పోతుంది, క్లబ్బు వెనక వాళ్లుండే గదీ పోతుంది. ఇన్షిరాహ్‌కి గది గురించి బెంగ లేదు. ఆ పచ్చిక లేకపోతే ఈ మనిషి చేతులు ఎక్కడ పెట్టుకుంటాడన్నదే ఆమె బెంగ.

ఆ రోజు నుంచి మిత్వల్లి కాలు ఒకచోట నిలవలేదు. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని లేచేవాడు, వెళ్లి గడ్డి తడిమి వచ్చి ఇంకో ముక్క పెట్టుకునేవాడు.

"కూచోవయ్యా! నువ్వు తినేలోగా అదేం పారిపోదు."

"పసుపు తిరుగుతోందే అది. ఆ తూర్పు అంచు చూశావా?"

"పొద్దున్నించీ నాలుగుసార్లు చూపించావు. నా మొహం ఎప్పుడైనా అంత శ్రద్ధగా చూశావా?"

"నీ మొహానికి రోగం రాలేదుగా."

ఆ తొందరలోనే అతను పొరపాటు చేశాడు. అక్క ఇంటి పావురాల గూటి నుంచి నాలుగు బస్తాల పెంట తెచ్చి పచ్చిక మీద చల్లాడు. పావురాల పెంట నిప్పులాంటిదని, పుచ్చకాయ పాదులకైతే సరేగానీ లేత గడ్డికి పనికిరాదని అతనికి తెలియనిది కాదు. దానికి తోడు జనవరి వస్తోంది. ఏటా జనవరిలో పూడిక తీయడానికి కాలువ కట్టేస్తారు, మూడు వారాలు చుక్క నీరు రాదు. ఆ భయంతో కాలువ కట్టేలోగా రోజూ పొద్దునా సాయంత్రం తడిపాడు. పచ్చిక మీద నడిస్తే చెప్పులు చప్పరించేవి.

"చలికాలం దానికంత దాహం ఎందుకయ్యా? పది రోజులకోసారి చాలని నువ్వే కదా అందరికీ చెబుతావు."

"అందరికీ ప్లాస్టిక్ పరుస్తామని ఎవరూ చెప్పలేదు."

కాలువ కట్టేసిన మర్నాడు తెల్లవారుతుండగా ఇన్షిరాహ్ టీ తీసుకుని వెళ్లింది. గడ్డి మీద అక్కడక్కడా తెల్లటి దూది పీచులా ఏదో పరుచుకుని ఉంది. మొదట సాలెగూడు అనుకుంది. వేలు పెట్టి చూస్తే కింద గడ్డి జిగటగా, ఉడికిన ఆకుకూరలా మెత్తగా తగిలింది. నీళ్లూ ఎరువూ ఎక్కువైతే పట్టే బూజు తెగులు అది. మిత్వల్లి మచ్చలు లెక్కపెట్టాడు. ఏడు. వాటిలో ఆరు, ఒక్కోటి రొట్టెంత. నడిమి కమాను పక్కనున్న ఏడోది మాత్రం గది తలుపంత.

"నేనే చేశానే ఇది," అన్నాడు.

"చేస్తే చేశావు. ఇంక చెయ్యకు."

చేసే దారీ లేదు. నీళ్లు లేవు, పంపు మూగబోయింది. ఊళ్లో జనం ప్యాంట్లు పైకి మడుచుకుని ఎండిన కాలువ బురదలో చేపలు పట్టుకుంటుంటే, మిత్వల్లి గట్టు మీద నిలబడి పచ్చిక వైపే తల తిప్పేవాడు. వీధి కుళాయి నుంచి బిందెలు మోసుకొస్తానన్నాడు. ఇన్షిరాహ్ బిందెలు రెండూ మంచం కింద పెట్టి, ఆ మంచం మీదే కూర్చుంది.

"నీ చేతులకి పని కావాలంటే పొద్దున్నే మంచు దులుపు. పొడి ఇసక తెచ్చి చల్లు. నీళ్ల మాట ఎత్తావంటే ఈ బిందె నీ నెత్తిన బోర్లిస్తా."

ఆ మాట విన్నాడు. రోజూ సూర్యుడు రాకముందే పొడుగాటి ఖర్జూరపు మట్ట పట్టుకుని, నిద్రపోతున్నవాడి ముఖం మీద ఈగను తోలినంత మెల్లగా గడ్డి కొసల మీది మంచు దులిపేవాడు. ఏ నీళ్లు లేవని భయపడ్డాడో ఆ నీళ్లు లేకపోవడమే మందైంది. దూది పీచు ఎండింది. చిన్న మచ్చల అంచుల్లో సన్నటి పోచలు లేచాయి. ఏడోది మాత్రం లేవలేదు. పోటీ దాకా ఆట ఆపేశారు గనక అది ఇంకా ఎవరి కంటా పడలేదు.

ఆ రోజుల్లోనే షౌకత్ బే ప్లాస్టిక్ గడ్డి ముక్క ఒకటి తెప్పించాడు. అదీ తలుపంతే ఉంది. క్లబ్బు మెట్ల దగ్గర వేయించాడు. రెండు రోజులు పోయాక వచ్చి చూసి, "ఇక్కడుంటే ఎవరికి కనిపిస్తుంది? కొంచెం లోపలికి జరపండి. సభ్యులు దాని మీద నడవాలి, పోటీ రోజు దాకా అలాగే ఉండనివ్వండి," అని చెప్పి కారెక్కాడు. మిత్వల్లి అప్పటికే ఇసక కోసం వెళ్లి ఉన్నాడు. విన్నది ఇన్షిరాహ్ ఒక్కతే.

ఆమె ఆ ముక్క కొస పట్టుకుని ఈడ్చింది. ఎంత లోపలికో బే చెప్పలేదు. నడిమి కమాను దాకా ఈడ్చి, ఏడో మచ్చ మీద సరిగ్గా పరిచి, అంచులు అరచేత్తో సర్దింది. గాలి ఆడకపోతే కిందది ఇంకా కుళ్లుతుందని ఆమెకి తెలుసు. తెలిసే పరిచింది.

ఇక ఆమెకి కుదురు పోయింది. బియ్యం ఏరుతూ లేచేది. ఎవరు మెట్లు దిగినా కిటికీ దగ్గరకి పరిగెత్తేది. ఒక సభ్యుడు చెప్పు కాలితో ఆ ముక్క అంచు లేపబోతే, "అయ్యా, తేళ్లుంటాయి!" అని కిటికీలోంచే కేకేసింది.

మిత్వల్లి ఇసకతో తిరిగొచ్చిన సాయంత్రమే ఆ ముక్క దగ్గర ఆగాడు. వంగి ఒక మూల ఎత్తి చూశాడు, దించేశాడు. కిటికీలో ఉన్న ఇన్షిరాహ్ వైపు చూశాడు. ఆమె పళ్లెం తుడుస్తూ ఉండిపోయింది.

"ఇవాళ వంటేమిటి?" అన్నాడు లోపలికొచ్చి.

"పప్పు."

అతను కూర్చుని, మధ్యలో ఒక్కసారి కూడా లేవకుండా తిన్నాడు.

పోటీ రోజు పచ్చిక నిజంగానే బాగుంది. చిన్న మచ్చలు ఆరూ కలిసిపోయాయి, వెతికేవాడికి తప్ప కనిపించవు. పోర్ట్ సయీద్ వాళ్లు చెక్క సుత్తులు భుజాన వేసుకుని దిగారు. క్లబ్బులో అందరికన్నా పెద్దావిడ హిక్మత్ హానిమ్ ప్లాస్టిక్ ముక్కను సుత్తితో పొడిచింది.

"షౌకత్, ఈ చాపని తీయిస్తావా, లేక దీని మీద మధ్యాహ్నం కునుకు తీయమంటావా?"

షౌకత్ బే నవ్వి సైగ చేశాడు. ఇద్దరు ఎత్తారు. కుళ్లు వాసన గుప్పుమంది. కింద నల్లటి జిగట, అందులో పాకే పురుగులు, కొలిచి కోసినట్టు తలుపంత నలుచదరం. చుట్టూ పచ్చిక మెరుస్తోంది.

"అయ్యో దేవుడా!" అంది హిక్మత్ హానిమ్. "దీని కింద గడ్డే బతకలేదు. నన్ను దీని మీద ఆడమంటావా? నేనింకా నాలుగేళ్లు బతకాలనుకుంటున్నా నాయనా!"

మైదానమంతా గొల్లుమంది. పోర్ట్ సయీద్ వాళ్లు కూడా నవ్వారు. షౌకత్ బే ముఖం ఎర్రబడింది. అతను నవ్వులన్నీ దాటుకుని మిత్వల్లి దగ్గరకి నడిచి వచ్చాడు.

"ఉస్తా, ఇది నా ముక్క వల్లేనా?"

ఇన్షిరాహ్ గది గుమ్మంలో నిలబడి ఉంది. మిత్వల్లికి అబద్ధం చెప్పడం రాదు, నోరు కట్టుకోవడం అంతకన్నా రాదు. ఆ ఒక్కసారి కట్టుకున్నాడు. కాలు కదపకుండా, టోపీ చేతిలో పట్టుకుని నేల చూశాడు. దాన్ని మర్యాద అనుకున్నాడు బే.

ప్లాస్టిక్ మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. మరుసటి వారం షౌకత్ బే స్వయంగా వాళ్ల గదికి వచ్చాడు, పళ్లెం నిండా బస్బూసా మిఠాయి పట్టుకుని.

"నీ ఇరవై ఆరేళ్ల పచ్చికని పాడుచేశాను. నన్ను క్షమించు ఉస్తా. అమ్మా, నువ్వు కూడా."

ఇన్షిరాహ్ ఆ పళ్లెం అందుకుంది. తినండని అతను రెండుసార్లు అంటే ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. 

మే నెలకి వేసవి గడ్డి నాలుగు వైపుల నుంచీ పాకి ఆ నలుచదరాన్ని మూసేసింది. మిత్వల్లి పోయేదాకా దాని గురించి వాళ్లిద్దరి మధ్యా ఒక్క మాట రాలేదు. షౌకత్ బే కూడా ఇప్పుడు లేడు. ఉండి ఉంటే ఈ కాగితం ముందు అతనికే పంపేదాన్ని.

ఇన్షిరాహ్, మిత్వల్లి భార్య. అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడుండేది ఫాయిద్‌లో, చెల్లెలి దగ్గర.