భూమితాత వీపులో కందిరీగ

నాకు అనుమానం ఎక్కువ. పుట్టుకతో వచ్చింది కాదు, మా నాన్న వల్ల వచ్చింది. లుకాంగ్ అనే పాత రేవుపట్నంలో దేవుడి బొమ్మలు చెక్కే కొట్టు మాది. నాన్న కర్పూరం చెక్కలో దేవుడి మొహం ఎంత శ్రద్ధగా చెక్కేవాడో, వీపు మీద బంగారు రేకు అంత పలచగా అంటించేవాడు. వీపు ఎవరు చూస్తారే, అనేవాడు. మరి ఎవరూ చూడని చోట ఆయన ఇంకేమేం చేశాడో అని నాకెప్పుడూ సందేహమే. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఉలితో పాటు ఆ సందేహం కూడా నాకే మిగిలింది.

ఆ పొద్దున ఆల్చిప్పలు పెంచే ఊరి నుంచి వ్యాన్ వచ్చి కొట్టు ముందు ఆగింది. ముందుగా థియామ్-హోక్ దిగాడు. ఆ ఊరి గుడికి ఈ ఏడు పెద్ద ఆయనే. చేతుల్లో ఎర్రగుడ్డ చుట్టిన బొమ్మ. ఊళ్లూ పొలాలూ కాచే భూమితాత బొమ్మ, నాన్న చెక్కిందే. వెనకాల నలుగురు ఊరివాళ్లు.

"అమ్మాయ్ బీ-హా, ఇందులో తాత లేడు," అన్నాడు కూర్చోకుండానే. "నలభై ఏళ్ల కింద మీ నాన్న దీని వీపులో కందిరీగ పెట్టలేదు."

బొమ్మ వీపులో చిన్న తొర్ర తొలిచి, అయిదు రంగుల దారాలు, అయిదు రకాల ధాన్యాలు, వాటితో పాటు ప్రాణంతో ఉన్న కందిరీగను పెట్టి బిరడా బిగిస్తాం. దేవుడికి చురుకు దానివల్లే వస్తుంది. అది లేకపోతే మేం అమ్మింది చెక్కముక్క. ఈ పుకారు అప్పటికే ఊళ్లు తిరిగింది. ఆ వారంలోనే రెండు గుళ్లవాళ్లు ఫోన్ చేసి, చెక్కమన్న బొమ్మలు ఇక వద్దన్నారు. ఇంకో ఇద్దరు అదే మాటంటే కొట్టు మూసుకోవాల్సిందే.

"పెట్టలేదని మీకెవరు చెప్పారు బాబాయ్?"

"ఒకరు చెప్పాలా? నేను గుడి పెద్దనై మూడు నెలలు. వంకచెక్కలు ఎప్పుడు వేసినా నవ్వే. ఆల్చిప్పల గడలు ఎప్పుడు పాతాలన్నా నవ్వే, గుడికి రంగు వెయ్యాలా అన్నా నవ్వే!"

వంకచెక్కలంటే దేవుణ్ణి అడిగి నేల మీద వేసే నెలవంక ఆకారపు చెక్కల జత. ఒక పక్క ఉబ్బు, ఒక పక్క చదును. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే దేవుడు సరేనన్నట్టు. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. రెండూ చదును పైకి వెల్లకిలా పడితే, అడిగినవాణ్ణి చూసి నవ్వుతున్నట్టు.

"మీకు ముందున్న పెద్దకి పలికేవాడా?"

"పలికేవాడు."

"అంటే కందిరీగ మొన్నటిదాకా ఉండి, మిమ్మల్ని చూడగానే లేచిపోయిందా?"

వెనకున్న ఒకావిడ కిసుక్కున నవ్వింది. థియామ్-హోక్ తిరిగి చూసేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను నవ్వలేదు. ధాన్యాలు లేవనడు, దారాలు లేవనడు. పట్టుపట్టి కందిరీగే లేదంటున్నాడు. అంత గట్టిగా ఎలా తెలుసు? ఈయన మేనల్లుడు అచ్చుబొమ్మల వ్యాపారం మొదలుపెట్టాడని విన్నాను. మా పేరు చెడగొట్టి వాడి బొమ్మను గుళ్లో కూర్చోబెట్టే ఎత్తు అనుకున్నాను. ఆ అనుమానం ఒకవైపు. రెండోవైపు మా నాన్న.

ఆ రోజు నాకు గుర్తుంది, ఎనిమిదేళ్లదాన్ని. ఊరివాళ్లు ఈ బొమ్మ కోసం వచ్చి కూర్చున్నారు. నాన్న ఉన్నట్టుండి, "ముహూర్తానికి ఇంకా గంటుంది, టీ తాగండి," అని పెరటి దారిన మాయమయ్యాడు. పేకాటకే పోయాడని అమ్మ తిట్టిపోసింది. తిరిగొచ్చి హడావుడిగా తొర్ర మూసేశాడు. అంత తొందరలో లోపల ఏం పెట్టి ఉంటాడు?

"అయితే విప్పి చూద్దాం," అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది.

విప్పేముందు కాసేపు బయటికి రమ్మని దేవుణ్ణి అడగాలి. థియామ్-హోక్ చెక్కలు తీశాడు.

"లోపల లేనివాణ్ణి బయటికి రమ్మనడం ఏంటి బాబాయ్?"

"ఆచారం ఆచారమే. నీ నోరు కాస్త ఆపు."

మూడుసార్లు వేశాడు. మూడుసార్లూ నవ్వే. చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఇటివ్వండి," అని నేను వేశాను. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. మళ్లీ వేశాను, అలాగే. మూడోసారీ అంతే.

"పలికాడు! తాత ఉన్నాడు!" అన్నారు వెనకవాళ్లు.

"దాని చేతిలో ఏదో మాయ ఉంది," అన్నాడు థియామ్-హోక్. "చెక్క పనివాళ్లకి చెక్కను తిప్పడం రాదా? విప్పాల్సిందే."

దేవుడి వీపు ఎండ చూడకూడదు. నల్లగొడుగు విప్పి దాని కింద ఇద్దరమే కూర్చున్నాం, నేనూ ఆయనా. మిగతావాళ్లు వాకిట్లో నిలబడ్డారు. ఉలి మొన బిరడా పక్కన ఆనించాను. నాన్నా, ఈ ఒక్కచోటైనా పొదుపు చెయ్యకుండా ఉండి ఉంటే బాగుండు, అనుకున్నాను.

బిరడా ఊడింది. వెలిసిపోయిన దారాలు, పొట్టు రాలిన ధాన్యాలు. వాటి పక్కన, రెక్కలు ముడుచుకుని, ఎండిపోయిన కందిరీగ. ఒంటిమీద పసుపు పట్టీలు ఇంకా తెలుస్తున్నాయి.

ఏడుపొచ్చింది, వెంటనే కోపం వచ్చింది. "కళ్లు పెట్టుకుని చూడండి!" అని ఆయన వైపు తిరిగాను.

ఆయన మొహంలో రక్తం లేదు. "ఇదెలా వచ్చింది?" అన్నాడు మెల్లగా. "గొట్టంలో ఏమీ లేదే."

"ఏ గొట్టం?"

ఆయన నేల చూస్తూ చెప్పాడు. అప్పట్లో ఇరవై రెండేళ్లవాడు. కందిరీగను పట్టి తెచ్చే పని ఊరు ఆయనకు అప్పగించింది. తుట్టె దాకా వెళ్లి, ఒక్కటి మీదికి రాగానే పరుగెత్తాడు. పిరికివాడంటారని ఖాళీ వెదురు గొట్టానికి గుడ్డ కుక్కి తెచ్చి మా నాన్న చేతిలో పెట్టాడు. నాన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడట. ఈయన వైపు చూశాడట. ఒక్క మాట అనలేదు. టీ తాగమని అందరికీ చెప్పి పెరట్లోకి వెళ్లాడు.

ఆ రాత్రి భోజనం నాకప్పుడు గుర్తొచ్చింది. నాన్న కుడిచెయ్యి ఆవిరి రొట్టెలా ఉబ్బి, అన్నం తినే పుల్లలు పట్టుకోలేకపోయాడు. అమ్మే తినిపించింది. చెక్కపేడు గుచ్చుకుందన్నాడు. అమ్మ నమ్మలేదు, పేకముక్కల కోసం ఆయన జేబులు వెతికింది. నేనూ నమ్మలేదు. నలభై ఏళ్లు నమ్మలేదు.

"మరి ఇన్నాళ్లూ తెలిసి తెలిసి, ఆ తప్పు మా నాన్న మీద ఎలా వేశారు?"

"తాత నవ్వుతుంటే భయమేసింది అమ్మా. కారణం ఎవరో ఒకరు అవ్వాలిగా. పోయినవాడు నోరెత్తడనుకున్నాను."

"ఉందా, లేదా?" అని వాకిట్లోంచి కేకేశారు.

అరిచి చెప్పాలని ఒళ్లంతా ఉడికిపోయింది. ఈ మనిషి పరువును నాన్న తను పోయేదాకా నోట్లో దాచుకున్నాడు. నాకంత ఓపిక లేదు. అయినా పళ్లు బిగబట్టాను.

"మీరే చెప్పండి బాబాయ్."

గొడుగు కింద నుంచి లేచి వాకిట్లోకి వెళ్లాడు. "ఉంది," అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇక్కడితో ఆపేస్తాడనే నా అనుమానం. ఆపలేదు.

"నేను తెచ్చింది కాదు. నేను తెచ్చింది ఖాళీ గొట్టం. ఈ అమ్మాయి నాన్న కుట్టించుకుని పట్టి పెట్టాడు."

ఇందాక నవ్వినావిడ తలొంచుకుంది.

సాయంత్రం నాన్న ఫొటో ముందు అగరొత్తులు వెలిగించాను. నన్ను క్షమించావా అని అడిగి చెక్కలు వేశాను. రెండూ వెల్లకిలా పడ్డాయి. మళ్లీ వేశాను, మళ్లీ అలాగే. క్షమించాడో లేదో చెప్పడు, నవ్వుతూనే ఉన్నాడు.