నలభై రెండు పగుళ్ళు

గౌరీశంకర్ మూడేళ్ళ నాలుగు నెలల్లో ఒక్క ఉదయం కూడా కొలత తప్పలేదన్నది అమెరికాలో ఆష్‌బర్న్ నుంచి ఫ్రిస్కో దాకా అతన్ని ఎరిగిన తెలుగువాళ్ళందరూ నమ్మే మాట. నోళ్ళు మారిన కొద్దీ ఆ మాటకు చేతులూ కాళ్ళూ మొలిచాయి. నూట మూడు జ్వరంలో కూడా వెళ్ళాడట. తుఫాను రోజున నడుముకు తాడు కట్టుకుని మరీ వెళ్ళాడట. ఆ తాడు రెండో కొస ఎవరు పట్టుకున్నారని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఫ్లోరిడా దక్షిణపు కొసకు అరవై మైళ్ళ అవతల, చుట్టూ నీళ్ళు తప్ప మరేమీ కనబడని చోట, ఇటుకలతో కట్టిన పాత కోట అది. ఫిరంగుల కోసం నూట యాభై ఏళ్ళ కిందట గోడల్లో పొదిగిన ఇనుము ఉప్పుగాలికి తుప్పుపట్టి, ఉబ్బి, ఇటుకలను బయటికి నెడుతోంది. మరమ్మతు కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ గౌరీశంకర్‌ను ఇంజనీరుగా పంపింది. గోడల్లో మొత్తం నలభై రెండు పగుళ్ళు. ప్రతి పగులుకూ అటొకటి ఇటొకటి అతికించిన ప్లాస్టిక్ పలకలు. ఒకదానిమీద గళ్ళు, రెండోదానిమీద ఎర్రగీత. గీత ఏ గడి మీద నిలిచిందో చూసి పుస్తకంలో రాయాలి. ఎండ తగిలితే ఇటుక వ్యాకోచిస్తుంది కనుక సూర్యుడు గోడ ఎక్కకముందే, ఉదయం ఆరు గంటలకే రాయాలి.

ఉదయం ఆరు గంటలకు లేచే అలవాటు గౌరీశంకర్‌కు పుట్టుకతోనే లేదు.

"నువ్వెలాగూ తెల్లారకముందే లేస్తావుగా త్రివేణీ. వాకింగ్ చేసినట్టూ ఉంటుంది, ఒక రౌండ్ కొట్టి రీడింగ్స్ నోట్ చేసుకురా" అన్నాడు భార్యతో, కోటకు వచ్చిన మొదటివారంలోనే. మూడో రోజున, "అదే చేత్తో నా ఇనిషియల్స్ కూడా పెట్టెయ్. హెచ్-ఫోర్ మీదున్నావు, డిపెండెంట్ వీసా, వర్క్ చేస్తున్నావని ఎవరైనా అంటే గ్రీన్‌కార్డ్‌కే ఎసరు. నీ పేరు ఎక్కడా కనపడకూడదు" అన్నాడు. ఆ చివరి వాక్యంలో బెదిరింపు లేదు, కోపం లేదు. రేపు వానొస్తుందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. అందుకే కాబోలు, త్రివేణి దాన్ని వాతావరణంలాగే తీసుకుంది.

తెనాలిలో నాలుగేళ్ళు ఆడపిల్లల కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పిన మనిషి ఆమె. కొలతలో దోషం ఎక్కడినుంచి వస్తుందో, దాన్ని ఎలా లెక్కలోకి తీసుకోవాలో నల్లబల్ల మీద వందసార్లు రాసింది. కోటలో ఆమె రోజు ఆరింటికి కొలతలతో మొదలై, పడవ వారానికొక్కసారే తెచ్చే కూరగాయలను వాడిపోకుండా కాపాడుకోవడం, సముద్రపు నీటిని వడగట్టే యంత్రం ఇచ్చే నాలుగు బకెట్లలో వంటా గిన్నెలూ బట్టలూ ముగించడం, తలుపు బందులకు నూనె రాయడం, మళ్ళీ పట్టిన తుప్పును గీకడం, ఇన్నిటి మీదుగా సాగి, గౌరీశంకర్ నివేదికలో అంకెలు సరిచూడటంతో ముగిసేది. ఇందులో దేనికీ పని అన్న పేరు లేదు. ఆదివారం ఫోన్లో అత్తగారు లక్ష్మీకాంతమ్మ, "నీకేమమ్మా, ఎదురుగా సముద్రం, పక్కన మొగుడు. మావాడొక్కడే ఆ రాళ్ళ మధ్య ఎండిపోతున్నాడు" అనేవారు. అవి రాళ్ళు కావు అత్తయ్యా, ఇటుకలు, అని మాత్రం సరిదిద్దాలనిపించేది త్రివేణికి. మిగిలినదాన్ని సరిదిద్దే ఓపిక ఎప్పుడో పోయింది. అయినా ఆ అరగంట, పుస్తకం చంకన పెట్టుకుని పగులు నుంచి పగులుకు నడిచే ఆ అరగంట, రోజు మొత్తంలో ఆమెకు తనదనిపించేది. చలికాలంలో పగుళ్ళు విచ్చుకునేవి, ఎండాకాలంలో మూసుకునేవి. ఐదో పగులు ఒక్కటే ఋతువును లెక్కచేయకుండా ఆటుపోట్లతో కదిలేది. అంటే అక్కడ లోపం గోడలో లేదు, పునాదిలో ఉంది. చపాతీలు వత్తుతూ ఆ మాట చెబితే, "అవునా? ఇంటరెస్టింగ్" అన్నాడు గౌరీశంకర్. ఆ ఏడాది నివేదికలో "నా పరిశీలనలో తేలినదేమనగా" అని మొదలైన పేరా అదే. దాన్ని చదివి వినిపించడానికి ఇంజనీర్ల పెద్ద సభకు వెళ్ళాడు. చొక్కా ఇస్త్రీ చేసింది త్రివేణి.

మొన్న ఏప్రిల్లో ఆష్‌బర్న్ నుంచి శ్రీధర్, అనురాధ కోట చూడటానికి వచ్చారు. పులిహోర రెండోసారి వడ్డించుకుంటూ శ్రీధర్, "అన్నా, మా టీమ్‌లో వాళ్ళు డైలీ స్టాండప్ మీటింగ్‌కే రారు. నువ్వేమో త్రీ ఇయర్స్‌లో ఒక్క డే మిస్ అవ్వలేదంట! మనిషివా, మెషీన్‌వా?" అన్నాడు.

"ఏదో, డిసిప్లిన్" అన్నాడు గౌరీశంకర్, పెరుగు కలుపుకుంటూ.

"వదినా, మీరైతే లక్కీ. లైఫంతా వెకేషనే. మా అనూ చూడండి, డ్రైవింగూ ఆఫీసూ పిల్లలూ అని రోజూ ఏడుపే."

 అనురాధ త్రివేణి అరికాళ్ళకేసి చూసింది. గోడవెంట ఉండే గవ్వముక్కలు కోసిన గీతలు వాటినిండా. "అక్కా, మీరు రోజూ అంత దూరం నడుస్తారా?" అని మెల్లగా అడిగింది. "వాకింగ్" అని జవాబిచ్చింది త్రివేణి. ఆ జవాబు తన నోటినుంచే వచ్చినందుకు ఆ పగలంతా ఆమెకు అన్నం సయించలేదు.

ఆ మే నెలాఖరున హెచ్-ఫోర్ వాళ్ళు కొందరు పనిచేసుకోవచ్చని కొత్త నిబంధన వచ్చింది. త్రివేణి దరఖాస్తు పంపింది. పని అనుమతి కార్డు ఇంకా రాలేదు. కోట వ్యవహారాలు చూసే డయాన్ అనే పెద్దావిడ ఒకనాడు పడవరేవు దగ్గర ఆపి, "ట్రివ్, నాకు కొలతలకు ఒక సహాయకురాలు కావాలి. రెండేళ్ళ అనుభవం ఉందని ఎవరైనా ఒక ఉత్తరం రాసిస్తే చాలు. నీకు ఆసక్తి ఉంటుందనిపించింది" అంది.

త్రివేణి మూడు రోజులు ఆ మాటను ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. నాలుగో రోజు కాఫీ ఇస్తూ చెప్పింది.

"లెటర్ నేనెలా ఇస్తాను?" అన్నాడు గౌరీశంకర్. "ఇన్నాళ్ళూ నువ్వు చేశావని నేనే సైన్ చేస్తే నేను ఫ్రాడ్ అనా? నీకసలు లాజిక్ ఉందా?"

"ఒక్క వాక్యం చాలండీ. సహాయం చేసిందని."

"నువ్వు చేసింది సహాయమే. దానికి సర్టిఫికెట్లేంటి? రేపు వంట చేసినందుకు కూడా అడుగుతావా?"

ఆ ప్రశ్నకు త్రివేణి దగ్గర జవాబు ఉంది. అడిగేదాన్నే, ఆ సర్టిఫికెట్ చూసి నన్ను వంటపనికి పెట్టుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, అని. ఖాళీ కప్పు తీసుకెళ్ళి కడిగింది.

మర్నాడు డయాన్‌ను వేరేగా అడిగి చూసింది. పుస్తకంలో ఉన్న పేరు ఒకరిది, కొలిచిన చేయి ఇంకొకరిది అయితే ఏమవుతుంది?

"పుస్తకం మొత్తం పక్కన పెట్టేస్తారు" అంది డయాన్. "కొలతలు మళ్ళీ మొదటిరోజు నుంచి. ఏ అంకె నిజమో ఎవరు చెప్పగలరు?"

నేను చెప్పగలను, అనుకుంది త్రివేణి. ప్రతి అంకే నిజం. నలభై రెండు పగుళ్ళు, పన్నెండు వందల ఉదయాలు. మాట్లాడితే ఆ అంకెలన్నీ చస్తాయి. మాట్లాడకపోతే అవి బతుకుతాయి, కానీ తనకు ఏమీ కాకుండా బతుకుతాయి. ఇంటికి వస్తూ ఐదో పగులు దగ్గర ఆగింది. చేయి గోడకు ఆనించింది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా మనసులో ఎక్కడో కొంచెం ఆశ ఉండాలి.

జూలై మొదటి సోమవారం ఆమె కొలతలకు వెళ్ళలేదు. పుస్తకం వంటింటి బల్లమీద పెట్టి, "ఇవాళ్టినుంచి మీరే చూసుకోండి" అంది.

"అలిగావా? సరే, ఎన్నాళ్ళో చూద్దాం" అని గౌరీశంకర్ నవ్వాడు.

మంగళవారం సాయంత్రం నుంచి సముద్రం పోటెత్తింది. బుధవారం తెల్లవారుజామున అలవాటు కాళ్ళను ఊరుకోనివ్వక త్రివేణి ఉత్తిచేతులతో గోడవెంట బయల్దేరింది. కోటకు పడమటి పక్కన ఆగిపోయింది. పై నుంచి కింద దాకా నిలువెత్తు ఇటుకల వరస జారి సముద్రంలో పడింది. లోపలి మట్టిరంగు తడిగా మెరుస్తోంది. పక్కనున్న ముప్పయ్యో పగులులో ఎర్రగీత గళ్ళు దాటి ఎక్కడికో పోయింది. రేపు ఉదయం ఆ ముప్పయ్యో పగులున్న కమాను కిందే నలుగురు తాపీపనివాళ్ళు మంచెలు కట్టుకోవాలి. పుస్తకం చూసి, అక్కడ కదలిక లేదని నిర్ణయించిన చోటు అది.

పరుగున ఇంటికొచ్చేసరికి ఆరు దాటింది. గౌరీశంకర్ లుంగీలో, పొడిగా ఉన్న చెప్పులతో, బల్లముందు టీ తాగుతున్నాడు. పుస్తకం మూసి ఉంది, దానిమీద కలం.

"రీడింగ్స్ అయిపోయాయి. నువ్వు లేకపోతే పని ఆగిపోతుందనుకున్నావా?" అన్నాడు.

త్రివేణి ఊపిరి కూడదీసుకుంది. "పడమటి పక్క కూడా చూశారా? ముప్పయ్యి, ముప్పై ఒకటి?"

"ఆఁ, అన్నీ చూశాను. చేంజేం లేదు."

ఆమె పుస్తకం తెరిచింది. సోమవారం, మంగళవారం, బుధవారం. తన ఆదివారపు అంకెలే, అక్కడక్కడా ఒక్క పాయింటు అటూ ఇటూ అయి, మూడు వరసలుగా కూర్చున్నాయి. ఇన్నాళ్ళూ పేరు అబద్ధం, అంకెలు నిజం. ఇప్పుడు పేరు నిజం, అంకెలు అబద్ధం. ఈ పుస్తకం డయాన్ ముందు పెడితే ఏమేం పోతాయో ఆమె మనసు వరసగా చెప్పింది: పన్నెండు వందల ఉదయాలు, అతని ఉద్యోగం, దాన్ని పట్టుకుని వేలాడుతున్న తన వీసా, ఇంకా చేతికందని కార్డు. గోడ పడిందని మాత్రమే చెప్పి ఊరుకుంటే మిగతా పగుళ్ళన్నిటికీ ఈ అంకెలనే నమ్ముతారు, అప్పుడు పోయేవి నలుగురు మనుషుల తలలు.

"ఎక్కడికి ఆ బుక్ తీసుకుని? త్రివేణీ!"

డయాన్ తన గది వాకిట్లో బూట్లు తొడుక్కుంటోంది. పుస్తకాన్ని చూసి, "ఇవాళ గౌరీ నిన్ను పంపాడా? ఒక్కరోజు కూడా తప్పడు, మహానుభావుడు" అంది.

త్రివేణి బుధవారం పేజీ తెరిచి ఆమె ఒళ్ళో పెట్టింది. ముప్పై ఒకటో పగులుకు ఎదురుగా నాలుగు పాయింట్ ఆరు మిల్లీమీటర్లని, పక్కన జి.ఎస్. అని, గౌరీశంకర్ స్వదస్తూరీలో ఉంది.

ఆ ఉదయం ఆరు గంటలకు ముప్పై ఒకటో పగులు ఉండవలసిన చోట గోడే లేదు.