సీటు కింద రెండో రిమోట్

ల్యాబు గేటు దగ్గర బండి ఆపి, దిగి జేబులో చెయ్యి పెట్టింది శాంపిళ్ళక్క. రిమోట్ లేదు.

ఆసుపత్రుల నుంచి రక్తం శాంపిళ్ళు ల్యాబుకు మోసే పని ఆమెది. నర్సులు పిలిచిన పేరే చివరికి ఆమెకు మిగిలింది. బండి సొంతం. బండి ఉన్నంతకాలమే ఉద్యోగం. బండి పోయిన మర్నాడే ఇంకో మనిషిని పెట్టుకుంటారు, అక్కా లేదు చెల్లీ లేదు.

రెండో జేబు చూసింది. సంచి దులిపింది. హెల్మెట్ లోపల కూడా తడిమింది. ఎక్కడా లేదు.

అది తాళంచెవి అక్కర్లేని బండి. రిమోట్ దగ్గరుంటే చాలు, హ్యాండిల్ దగ్గరి బిళ్ళ తిరిగి బండికి ప్రాణం వస్తుంది. రిమోట్ దూరమైతే బిళ్ళ బిగుసుకుపోతుంది. అమ్మేటప్పుడు షోరూంవాడు ఈ గొప్పలన్నీ ఊదరగొట్టాడు. జాగ్రత్తలు మాత్రం మింగేశాడు. అమ్ముడుపోయాక ఎవడి బండి ఏమైతే వాడికేంటి?

మరి రిమోట్ లేకుండా ఇంటి నుంచి ఇక్కడిదాకా ఎలా వచ్చినట్టు?

బిళ్ళ తిప్పి ఆపింది. మళ్ళీ తిప్పింది. లైట్లు వెలిగాయి. తను తిప్పితే వెలిగింది సరే, దారినపోయేవాడు తిప్పినా వెలుగుతుంది కదా! చేతిలో ఐసుపెట్టె చల్లదనం తగ్గిపోతోంది. పైకి వెళ్తే బండి గాలికి. ఇక్కడే కాపలా ఉంటే శాంపిళ్ళు పాడు, సూదులు పొడిపించుకున్న వాళ్ళంతా మళ్ళీ పొడిపించుకోవాలి.

ఇంటికి ఫోన్ చేసింది. మామగారు ఎత్తాడు. జీవితమంతా లారీ నడిపి, ఇప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ నడపాలని చూసే మనిషి.

"మామయ్యా, నా రిమోట్ ఇంట్లో ఉందా?"

"ఫ్రిజ్ మీదే ఉందమ్మా. ఏదో ఒకరోజు నీ తలకాయ కూడా మర్చిపోయి వెళ్తావు."

"మరి బండి ఎలా స్టార్టయింది?"

అడుగుతుండగానే గుర్తొచ్చింది, బండితో రెండు రిమోట్లు ఇచ్చారు.

"మామయ్యా, రెండో రిమోట్ ఎక్కడ?"

"ఎక్కడో ఎందుకుంటుందమ్మా, నీ దగ్గరే ఉంది. సీటు కింద, గుడ్డలో చుట్టి వైరుతో కట్టాను. కొన్నప్పుడే. నువ్వు పోగొట్టుకుంటే నడిరోడ్డు మీద పడకూడదని."

"దేవుడా!"

"నా లారీకీ అలాగే కట్టేవాణ్ణి. ఒక్కడికి దొరికితే ఒట్టు!"

"ఇది దొరకక్కర్లేదు మామయ్యా, దగ్గరుంటే చాలు! ఇన్నాళ్ళూ నా బండికి తాళమే లేదు!"

ఫోన్ పెట్టేసి సీటు ఎత్తింది. టూల్స్ సంచి వెనక నూనె గుడ్డ ముడి. గోళ్ళు విరిగేలా వైరు విప్పి, రిమోట్ పిడికిట్లో బిగించింది. బండి ఆపి, మెట్లదాకా వెళ్ళి, గేటు దగ్గరి సెక్యూరిటీ తాతను కేకేసింది.

"తాతా, ఆ బిళ్ళ ఒకసారి తిప్పవా?"

తాత బలమంతా పెట్టాడు. "తిరగట్లేదమ్మా. నేను మధ్యాహ్నం తిండి తిననే తిన్నాను, తప్పు నాది కాదు."

ఆమెకు నవ్వొచ్చింది. ఊపిరి వచ్చింది. పెట్టె పట్టుకుని మెట్లు ఎక్కింది.

రోజూలాగే ల్యాబువాళ్ళు శాంపిళ్ళన్నీ సరిచూసేదాకా పైన బెంచీ మీద కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చింది అద్దం సంగతి. ఇక్కడి నుంచి కిందికి దిగిన ప్రతిసారీ బండి కుడివైపు అద్దం పైకి తిరిగి ఉంటోంది. పిల్లల పని అనుకుని సర్దుకునేది. పెట్రోలు కూడా ఊరికే అయిపోతోంది. బంకువాడిని తిట్టుకునేది.

శాంపిళ్ళు సరిపోయాయనే మాట కోసం ఆగకుండా కిందికి పరుగెత్తింది. బండి అక్కడే ఉంది.

"మీ తమ్ముడొచ్చాడమ్మా," అన్నాడు తాత. "బిళ్ళ తిప్పి తిప్పి చూశాడు. ఇవాళేమైందిరా దీనికి అనుకుంటూ పోయాడు."

"ఏ తమ్ముడు?"

"అదే, పొడుగాటి అబ్బాయి. నువ్వు పైకి వెళ్ళగానే బండి తీసుకెళ్ళి, దిగేలోపు తెచ్చేస్తాడుగా రోజూ. ఇంత దర్జాగా తీసేవాణ్ణి ఎవరనుకుంటాను?"

"నాకు తమ్ముడు లేడు తాతా."

తాత గబగబా రోడ్డు మీదికెళ్ళి అటూ ఇటూ చూశాడు.

రోజూ. నా బండి మీద వాడు ఎక్కడికి వెళ్ళాడు? ఏం మోశాడు? ఎవర్ని గుద్దాడు? ఎక్కడ ఏం జరిగినా జనం రాసుకునేది వాడి ముఖం కాదు, నా నంబరు.

ఫోన్ మోగింది. మామగారు.

"దొరికిందా అమ్మా?"

"దొరికింది మామయ్యా," అంది నంబరు పలకను చూస్తూ. "మీరు చొక్కా వేసుకుని రండి. పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాలి. మనం వెళ్ళేలోపు పోలీసులే మనింటికి రాకూడదు."