పవర్ బ్యాంకు ప్రయాణం

“ఇంగువ డబ్బా ఎక్కడ పెట్టి చచ్చేవే?”

ఫోనులో మొగుడు మార్కు గొంతు ఖంగుమంది. కృపావతి అప్పుడు బహ్రెయిన్‌లో, అమ్వాజ్ దీవుల్లోని ఓ ఏడంతస్తుల భవనంలో, ఎవరో నాలుగు రోజులుండి వెళ్ళిపోయిన ఫ్లాటులో, బాత్రూం నేల మీద మోకాళ్ళు ఆనించి పలకల సందుల్లో మురికి తోముతోంది. ఇంగువ డబ్బా ఉన్నది కోనసీమలో. అయినా ఆమె తడుముకోకుండా, “పొయ్యి పైన రెండో అరలో, పసుపు డబ్బా వెనకాలండి. ఎర్ర మూత,” అంది. డబ్బా దొరికింది. దొరికిందని చెప్పే అలవాటు మార్కుకి లేదు కాబట్టి, అరుపులు ఆగడాన్ని బట్టి దొరికిందని ఆమే అనుకుంది. రెండేళ్ళ కిందట సెలవుకి వెళ్ళినప్పుడు తను సర్దిన వంటిల్లు అది. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయంటే, ఆ ఇంట్లో ఇంకెవరూ ఏదీ సర్దడం లేదన్నమాట.

ఉద్యోగం బహ్రెయిన్‌లో, కాపురం ఫోనులో. పదకొండేళ్ళుగా ఇదే వరస. అత్తగారి బీపీ మాత్రల వేళ గుర్తుచేసేది ఈవిడే, గ్యాసు బండ బుక్ చేసేది ఈవిడే, నర్సింగు చదివే కూతురు అలిగితే బుజ్జగించేదీ ఈవిడే. మార్కుకి మాత్రం ఒక్కటే పని, ఫోను చెయ్యడం. ఆ పని ఆయన శ్రద్ధగానే చేసేవాడు. “ఓసారి కెమెరా చుట్టూ తిప్పు” అనేవాడు. చీపురుకట్ట, బకెట్టు, మడిచిన తువ్వాళ్ళు, అద్దంలో చెమటోడుతున్న తన మొహం, అన్నీ వరసగా చూపించేది. “ఆ తలుపు వెనకాల ఎవరు?” అంటే తలుపు కూడా తీసి చూపించేది. మొదట్లో ఏడుపొచ్చేది. ఓసారి అత్తగారితో చెప్పుకుంటే ఆవిడ నవ్వి, “ఆడికి అపనమ్మకం కాదమ్మాయ్, బెంగ. దేశం కాని దేశంలో ఆడది ఒంటరిగా ఉంటే మొగుడికి బెంగుండదా?” అంది. అంత బెంగ ఉన్నవాడు తనే ఎక్కడికైనా వెళ్ళి పని చేసి, ఆమెని ఇంట్లో ఉంచుకోవచ్చు కదా అని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

కానీ దేవుడు పాత ఫోను రూపంలో కృపావతిని కరుణించాడు. ఆ ఫోను బ్యాటరీ ముసలిదైపోయింది. ఫ్లాట్లలోని ప్లగ్గుల్లో పనివాళ్ళు చార్జింగు పెట్టుకోకూడదని ఆమె పనిచేసే క్లీనింగు కంపెనీ రూలు. పొద్దున్న వంద ఉన్నది మార్కు మాటలకీ కెమెరా తిప్పుళ్ళకీ కరిగి కరిగి, పన్నెండున్నరకల్లా గుడ్లు తేలేసేది. మొదటిసారి అలా ఆరిపోయినప్పుడు ఆమె నాలుగైదుసార్లు బటను నొక్కి చూసింది. ఒంటిగంటకి అన్నం టిఫిను పట్టుకుని భవనం వెనక బండరాళ్ళ మీద, సముద్రం అంచున కూర్చుంది. భయం భయంగానే ముద్ద నోట్లో పెట్టుకుంది. కాసేపటికి ఏదో వింత చప్పుడు వినిపించింది. ఏమిటా అని చూసుకుంటే, తన అన్నం తను నములుతున్న చప్పుడు. పదకొండేళ్ళలో ఆ చప్పుడు ఆమె వినలేదు.

ఆ రోజు నుంచి ఒంటిగంట నుంచి రెండింటి దాకా ఆమెది. గొప్ప పనేం చేసేది కాదు. బూట్లు విప్పి కాళ్ళు నీళ్ళలో పెట్టేది. ఎయిర్‌పోర్టున్న ముహర్రక్ వైపు దిగే విమానాలు చూసేది. చిన్నప్పుడు సండే స్కూల్లో తనని అందరూ ‘గొంతున్న పిల్ల’ అనేవారని ఓ రోజు గుర్తొచ్చి, ఎవరూ లేకుండా చూసుకుని ఓ పాట మొత్తం పాడింది. సాయంత్రం గదికెళ్ళి ఫోను ప్లగ్గులో పెడితే ఇరవై మిస్‌డ్ కాల్స్ ఉండేవి. “ఏమైపోయావే?” “చార్జింగు అయిపోయిందండి.” నిజమే కాబట్టి తడబడేది కాదు. అబద్ధమాడకుండా దొరికిన స్వేచ్ఛ అదొక్కటే.

ఆ ఒక్కటీ కూడా మార్కు చూస్తూ ఊరుకోలేదు. వాళ్ళ ఊరి అమ్మాయి అక్సా, అదే కంపెనీలో పని దొరికి కొత్తగా వస్తుంటే, ఆ అమ్మాయి చేత భార్యకి కానుక పంపాడు. ఈ దేశం నుంచి ఆ ఇంటికి ఎన్ని అట్టపెట్టెలు వెళ్ళాయో లెక్కలేదు గానీ, ఆ ఇంటి నుంచి ఆమెకి వచ్చిన మొదటి వస్తువు అదే. విప్పితే పవర్ బ్యాంకు. అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బా, పక్కన బటను, నొక్కితే వెలిగి చార్జింగెంతుందో చూపించే నాలుగు నీలం చుక్కలు.

“బావగారికి నువ్వంటే ప్రాణమక్కా! జాగ్రత్తగా నా చేతి సంచిలో పెట్టుకుని తెచ్చేను,” అంది అక్సా మురిసిపోతూ. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. శుక్రవారం ప్రార్థనకల్లా ఆ కబురు తెలుగు క్రైస్తవుల సహవాసమంతా పాకింది. “మా ఆయన ఇన్నేళ్ళలో సేఫ్టీ పిన్ను కూడా పంపలేదు తల్లీ,” అన్నారు సహోదరీలు. చివరికి సాక్ష్యాల వేళ కృపావతిని లేపి నిలబెట్టి, ప్రేమగల భర్తనిచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పించారు. చెప్పింది. ఏం చేస్తుంది?

ఆ తరవాత ఏప్రాను జేబులో పవర్ బ్యాంకు, దాని తోకకి ఫోను, ఫోనులో మార్కు. ఒంటిగంటకి బండరాళ్ళ మీద కూర్చుంటే, “సముద్రం కాడ ఒక్కద్దానివీ ఏం చేత్తన్నావ్? ఎవరి కోసం?” అని అడిగాడు. మర్నాటి నుంచి ఆమె వెనక మెట్ల గదిలో కూర్చుని, ఆయనకి కనబడేలా తినడం మొదలుపెట్టింది. ముద్ద దిగేది కాదు. నెల తిరిగేసరికి ఆమెకి ఆ నాలుగు చుక్కలంటే అసహ్యం పుట్టింది.

అప్పుడే ఎడ్వర్డ్ సెలవు మీద ఇంటికి బయల్దేరాడు. బహ్రెయిన్‌లోనే అవాలి అనే ఊళ్ళో తోటపని చేసే కుర్రాడు, కోనసీమలో వాళ్ళ పక్క ఊరివాడే. ఎవరు ఇంటికెళ్తున్నా వాళ్ళ పెట్టెలో తలా కాస్త సామాను పంపడం ఇక్కడి ఆనవాయితీ. పాలపొడి, సెంటు సీసాలు, అత్తగారికి తువ్వాలు సర్దుతూ కృపావతి చటుక్కున ఒక పని చేసింది. పవర్ బ్యాంకుని తువ్వాల్లో చుట్టి అడుగున దోపేసింది. ‘పొరపాటున వెళ్ళిపోయిందండీ’ అనొచ్చు. పొరపాటుకి ఎవరేం చేస్తారు? ఎడ్వర్డ్ తాడు బిగించి కట్టి, పెట్టె మీద నల్ల మార్కరుతో పేరు రాస్తుంటే ఆమెకి బరువు దిగినట్టయింది.

శుక్రవారం ప్రార్థన అయ్యాక పదిమందీ వ్యాన్లో వెళ్ళి ఎయిర్‌పోర్టులో ఎడ్వర్డ్‌ని సాగనంపుతున్నారు. అతని పెట్టె ద్వారం దగ్గరి స్కానింగు మిషన్లోకి వెళ్ళింది. బయటికొచ్చాక అక్కడి ఉద్యోగి దాన్ని పక్కకి లాగి, “భాయ్, సామాన్ ఖోలో. బ్యాటరీ హై,” అన్నాడు.

“బ్యాటరీలేంటి? నేనేం పెట్టలేదు,” అన్నాడు ఎడ్వర్డ్ బిత్తరపోయి. గంటసేపు కట్టిన తాడుని కత్తితో కోసేశారు. అందరి ముందూ పాలపొడి, సెంటు సీసాలు, ఎడ్వర్డ్ తన పెళ్ళాం కోసం కొన్న లోపలి బట్టలు కూడా బయటికొచ్చాయి. ఆ కుర్రాడి మొహం కందిపోయింది. తువ్వాలు విప్పేసరికి నల్లటి డబ్బా నేల మీద పడింది.

“అయ్యో అక్కా, ఇది పెట్టెలో ఎయ్యకూడదు. చేతి సంచిలోనే ఉండాలి. ఎవరినడిగినా చెప్తారు కదా!” అంది అక్సా. నిజమే. అడగలేదు. అడిగితే ఎందుకు పంపుతున్నావని అడుగుతారు కాబట్టి. కృపావతి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మార్కు. వీడియో.

“ఎక్కడున్నావ్? ఎనకాల ఎవరా మగాళ్ళు? కెమెరా తిప్పు!”

తిప్పింది. చెల్లాచెదురైన సామాను మధ్య నల్లటి డబ్బా ఆయనకీ కనబడింది. “అది నేను పంపిందే కదా? అక్కడికెలా పోయింది?”

ఎడ్వర్డే జాలిపడ్డాడు. “పొరపాటున వచ్చేసుంటది బావా. నా చేతి సంచిలో ఏసుకుని మీకు తెచ్చిత్తాలే,” అన్నాడు.

ఇంత అవమానం చేసినా తనని కాపాడుతున్న ఆ కుర్రాణ్ణి చూస్తే కృపావతికి సిగ్గేసింది. ముసలి బ్యాటరీ వెనక నక్కింది. అది పోతే తువ్వాలు వెనక నక్కింది. ఇప్పుడు ఎడ్వర్డ్ వెనక నక్కాలి. ఒక్క గంట కోసం, తనది తను తినడం కోసం, ఇంకా ఎంతమంది చాటున దాక్కుంటుంది? పైగా తను చేసిన నేరమేంటి?

“పొరపాటు కాదు ఎడ్వర్డూ. నేనే పెట్టేను. నీకు చెప్పకుండా పెట్టడం నాదే తప్పు. ఏమీ అనుకోకు తమ్ముడూ,” అంది. వంగి డబ్బా తీసుకుంది. ఫోను మొహానికెదురుగా పట్టుకుంది. “వినపడిందాండి? నేనే పంపేద్దామనుకున్నాను. నాకు ఊపిరాడట్లేదు. రేపట్నుంచి రాత్రి ఎనిమిదింటికి నేనే చేత్తాను. పావుగంట మాట్లాడుకుందాం. డ్యూటీలో ఎత్తను. అన్నం తినేటప్పుడు అసలే ఎత్తను. ఇంగువ డబ్బా మీరే ఎతుక్కోండి.”

“ఏం కూసేవే? పదిమందిలో నిలబడి...”

“పదిమందిలోనే చెప్పేను. వాళ్ళే సాక్ష్యం.”

కట్ చేసింది. సహోదరీలు నేల చూపులు చూశారు. వాళ్ళలో ఒకావిడ మాత్రం దగ్గరికొచ్చి ఆమె చెయ్యి గట్టిగా నొక్కి వదిలింది. కృపావతి కింద కూర్చుని సీసాలన్నీ తుడిచి, బట్టలు మడిచి, ఎడ్వర్డ్ పెట్టెని మళ్ళీ తనే సర్దింది. సర్దుతున్నంతసేపూ ఫోను మోగుతూనే ఉంది.

ఎడ్వర్డ్ చెయ్యూపి లోపలికెళ్ళిపోయాడు. వ్యాను అమ్వాజ్ వంతెన దాటగానే కృపావతి, “ఇక్కడ ఆపు బాబూ, కాసేపు కూర్చునొత్తాను,” అని దిగింది. అక్సా కూడా వెనకే దిగింది. బండరాళ్ళ మీద ఇద్దరూ కూర్చున్నారు. ఎండ వాలింది. కృపావతి బూట్లు విప్పి కాళ్ళు నీళ్ళలో పెట్టింది. చల్లదనం మోకాళ్ళ దాకా పాకి, ఎన్నాళ్ళ నుంచో భుజాల్లో బిగుసుకున్నదేదో వదులైంది. హమ్మయ్య అనుకుంది, పైకే.

ఒళ్ళో ఫోను నల్లగా ఉండటం అక్సా చూసింది. “చార్జింగు అయిపోయిందా అక్కా? పవర్ బ్యాంకుందిగా, పెట్టుకో.”

కృపావతి బటను నొక్కి చూసింది. నాలుగు చుక్కలూ వెలిగాయి.

“ఫోనులోనూ ఇంకా ఉందే,” అంది. “నేనే ఆపేను.”