నాలుగో అంతస్తు ఓటు

పదహారు ఇళ్ళ బిల్డింగు. లిఫ్టు పెట్టించాలంటే పదకొండు మంది యజమానులు సరే అనాలి. ఒక్కటి తగ్గినా కుదరదు.

నాలుగో అంతస్తు టీచరమ్మ ఈ ఓటింగు కోసం రెండేళ్ళు ఎదురుచూసింది. పక్షవాతంతో మంచాన పడ్డ భర్తను ఆస్పత్రికి తీసుకెళ్ళాలంటే నలుగురిని బతిమాలి కుర్చీతో సహా మోయించాలి. మొన్న మెట్ల మలుపులో కుర్చీ ఒరిగేసరికి "ఇక నన్ను దించకండి" అని ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పటినుంచి గడప దాటలేదు. మూడో అంతస్తు నర్సు, పాపం, ఇంటింటికీ తిరిగి కాళ్ళావేళ్ళా పడి తొమ్మిది మందిని ఒప్పించింది. తనతో పది, టీచరమ్మతో పదకొండు.

తీరా మీటింగు రోజు పొద్దున ఆయనకు జ్వరం. వదిలి ఎలా దిగుతుంది? సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు సెక్రటరీ. ఉండేది కింది అంతస్తులో, అందరికీ బాబాయే.

"నువ్వు రాలేవు కదమ్మా. ఇక్కడ సంతకం పెట్టు, నీ బదులు నేను వేస్తా," అన్నాడు ఆయాసపడుతూ.

అయ్యో, పెద్దాయన నాకోసం ఇన్ని మెట్లు ఎక్కాడే అని టీచరమ్మ కరిగిపోయింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు 'ప్రశ్న పూర్తిగా చదివి రాయండి' అని చెప్పిన మనిషి ఆ కాగితం చదవకుండానే సంతకం పెట్టేసింది. పైగా కాఫీ కూడా ఇచ్చి పంపింది!

మధ్యాహ్నం నర్సు ఎర్రబడ్డ కళ్ళతో వచ్చింది.

"పదే వచ్చాయి పిన్నీ."

"ఎవరు తల్లీ మాట తప్పింది?"

"మీరే! మీ ఓటు వద్దనే పడింది. మీకోసం అందరి కాళ్ళూ పట్టుకున్నానే, నాకొక్క మాట చెప్పకూడదా?"

భర్తను చూస్తుండమని నర్సుకు చెప్పి టీచరమ్మ ఉన్నపళంగా కిందికి పరుగెత్తింది.

"బాబాయ్, నా ఓటు ఏం చేశారు?"

సెక్రటరీ చదువుతున్న పేపరు మీంచి తల ఎత్తాడు. "'సెక్రటరీ తనకు తోచినట్టు వేయవచ్చు' అని నువ్వే సంతకం పెట్టావు కదమ్మా. లిఫ్టు కడితే నా కిటికీకి అడ్డమొస్తుంది. నాకలా తోచింది."

"మళ్ళీ పెట్టండి మీటింగు!"

"ఓడిన విషయం మూడేళ్ళదాకా ఎత్తకూడదు. రూలు."

మూడేళ్ళు! తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. "మీరసలు మనిషేనా?" అని అరిచింది. ఆయన నెమ్మదిగా లేచి తలుపు వేసుకున్నాడు.

చచ్చీ చెడీ మెట్లెక్కి వచ్చేసరికి భర్త మేలుకుని ఉన్నాడు. నర్సు మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

"ఓడామటగా," అన్నాడాయన ముద్ద ముద్దగా. "ఎవరే, నేనిక్కడే చావాలని ఓటేసింది?"

టీచరమ్మ దుప్పటి సర్దింది.

"నేనేనండి," అంది.