గోడకు కోసిన గుండ్రటి రంధ్రం

చెక్క బోర్డులమ్మి రెండో షట్టర్ తెరిచినవాళ్లు, ఆ బోర్డులతో ఒక్క గదిని నాలుగు చేసి కిరాయిలు దండుకున్నవాళ్లు, వినండి. ఈదయ్యను మీరే తిన్నారు.

ఆ పొద్దున కూడా అతడు తువ్వాలు ముక్కుకు కట్టుకుని కోత మిషన్ మీద వంగాడు. బోర్డు కోసుకుపోతుంటే పసుపు పొడి లేచి కనుబొమల మీద, చెవి మడతల్లో, మెడ చెమటలో పేరుకుంది. యాభై దాటని మనిషి మధ్యాహ్నానికి ముసలివాడయ్యేవాడు.

మహబూబ్‌నగర్ నుంచి వచ్చి నారాయణగూడలోని ఆ షాపులో చేరినప్పుడు ఎడమ గోడకు మలేషియా బోర్డులు కప్పు దాకా ఉండేవి. కుడి గోడకు మన దేశపువి మోకాలెత్తు. ఏళ్లు గడిచేకొద్దీ మన దొంతర లేచింది, మలేషియాది కుంగింది. ఇప్పుడు కప్పును తాకేది మనదే. ఏ దేశపు సరుకు పెరిగినా కోసింది ఈదయ్యే. ఆ పొడీ ఈ పొడీ వెళ్లింది ఒక్క ఛాతీలోకే.

పొడి లాగే ఫ్యాను పెట్టిస్తానని యజమాని రమాకాంత్ అంటే, ఈదయ్య వెనక చెక్కగోడకు గుండ్రంగా రంధ్రం కోశాడు. ఫ్యాను రాలేదు. వాన జల్లు కొడుతోందని కోసిన ముక్కనే మళ్లీ అందులో బిగించాడు.

అశోక్ నగర్‌లో హాస్టల్ నడిపే అరుంధతి అడ్డుగోడల కోసం వచ్చింది.

"పాత హాస్టల్ల మలేషియా బోర్డేసినం సేఠ్. ఇంకా గట్టిగుంది. గదే ఇయ్యి."

"గది అప్పటి ముచ్చట మేడమ్. ఓడల మీదొచ్చేది. ఇప్పుడంత మన ఫ్యాక్టరీలదే" అన్నాడు రమాకాంత్. "మా ఈదన్న వాసన జూసే చెప్తడు ఏ దేశందో. అన్నా, జర చూపియ్యి."

అది గిరాకీ ముందు ఎప్పుడూ ఆడే ఆటే. మలేషియా బోర్డు పుల్లగా, మనది నీలగిరి ఆకులా వాసన వేసేది. ఈదయ్య తువ్వాలు దించి, మిషన్ పక్కన పడున్న పాత బోర్డు ముక్కొకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. మళ్లీ పీల్చాడు. ఏమీ లేదు.

"మనదే" అన్నాడు.

అరుంధతి ముక్కను తిప్పింది. అడుగున మలేషియా ముద్ర.

"మీ ఈదన్న ముక్కుకు పాస్‌పోర్టు గడువు అయిపోయినట్టుంది!"

అందరూ నవ్వారు. ఈదయ్యా నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు.

ఆమె వెళ్లాక అడిగాడు. "సేఠ్, గా ఫ్యాను..."

"వచ్చే నెల జూద్దామన్నా. మార్కెట్ డల్లుంది."

వాసన పోయిందని, చిక్కడపల్లి బస్తీలో ఇంటి మెట్లెక్కితే ఊపిరాడటం లేదని అప్పుడే చెప్పాల్సింది. చెబితే మిషన్ ఇంకొకరి చేతికిస్తారు. ఆ భయంతో మాట మింగేశాడు.

భార్య తిమ్మమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె సగమే తిన్నాడు. మన దేశపు దొంతరకు వీపు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"అన్నా, లే. లోడొచ్చింది" అన్నాడు బోర్డులు మోసే మాసయ్య.

కనుబొమల మీది పొడి కదల్లేదు.

"ఇయ్యాల పోకు, జర పండు అని జెప్పిన. ఇన్లే" అని మాత్రం అంది శవం పక్కన కూర్చున్న తిమ్మమ్మ.

మర్నాడే మిషన్ నడిచింది. ఇప్పుడు తువ్వాలు ఇంకొకరి ముక్కుకు. మీ దండలు, సంతాపాలు అతడి తోటి కూలీలం మాకొద్దు. మిషన్ ఆపండి. ఫ్యాను బిగించాకే నడపండి. వెనక గోడలో, ఈదయ్య పెన్సిల్ గీత ఇంకా చెరగని ఆ గుండ్రటి ముక్క అలాగే ఉంది, ఇవాళే పీకండి.