పికప్‌కి పట్టిన నలుపు

ఏసురాజుకి అబద్ధం గిట్టదు. అందుకే యాభై దాటినా జుట్టుకి రంగు వెయ్యలేదు. తెల్లవెంట్రుక ఒక్కటీ లేకపోవడం వేరే సంగతి. ఆదివారం ఆరాధనలో ముందు వరసలో కూర్చునేది కూడా పరోపకారానికే. ప్రసంగం సాగినంతసేపూ వెనకవాళ్లకి చూసుకోడానికి నిగనిగలాడే తల ఒకటి ఉండాలి కదా.

తల నలుపు నిలిచింది గానీ బండి నలుపు పోయింది. భావనపాడు నుంచి కోటబొమ్మాళికి చేపలు తోలే సొంత పికప్ అది. ఉప్పుగాలికీ ఎండకీ ముందు బంపరు, చక్రాల మీది ప్లాస్టిక్ చుట్లు, అద్దాల తొడుగులు బూడిదరంగుకి తిరిగాయి. తిత్లీ తుఫానుకి పడవలు విరిగాక తోలడానికి చేపలూ తగ్గిపోయాయి. మరుసటి వేసవిలో ఓ రొయ్యల కంపెనీ బళ్లు కుదుర్చుకుంటోందనీ, చూపుకి కొత్తగా ఉన్నవే తీసుకుంటుందనీ, సోమవారం సూపర్‌వైజర్ నరసింగరావు వచ్చి చూస్తాడనీ కబురొచ్చింది. అది దక్కకపోతే ఏసురాజు స్టీరింగు వదిలెయ్యాల్సిందే. మరో పని అతనికి రాదు.

రంగుల కొట్టతను ప్లాస్టిక్‌కి ముందు సబ్బుతో జిడ్డు వదలగొట్టాలనీ, ఎమరీ కాగితం పట్టాలనీ, ప్రైమర్ వెయ్యాలనీ చెప్పబోయాడు. ఒకరితో చెప్పించుకోవడం ఏసురాజుకి నామోషీ. స్ప్రే డబ్బా ఒకటే పట్టుకొచ్చి, అద్దాలకీ లైట్లకీ పాత పేపర్లు అంటించి, వాకిట్లో మొదలెట్టాడు. ఏళ్ల తరబడి మెరుపు కోసం ఆ ప్లాస్టిక్‌కి కొబ్బరినూనె రాసిన చెయ్యి తనదేనని గుర్తు రాలేదు. మధ్యాహ్నానికి రంగు ఉల్లిపొరలా ఊడొచ్చింది.

విసుగొచ్చి, తలమీద చెమట తుడుచుకున్న చేత్తోనే బంపరు రుద్దాడు. రుద్దినచోట కొత్త నలుపెక్కింది. తలమీద తుడిచినచోట తెల్లబడింది.

ఎదురింటి దాలయ్య బీడీ ముట్టించుకుంటూ, తన మీసం కూడా గేటుకి ఇలాగే ఖర్చయిందనీ, గేటు మాత్రం తుప్పు పట్టలేదనీ చెప్పి వెళ్లాడు. ఏసురాజు పెళ్లాం జ్ఞానసుందరి ఎండుచేపలు తిరగేస్తూ బండినీ మొగుణ్నీ మార్చి మార్చి చూసింది, రవిక గుడ్డ సరిపోతుందో లేదో చూసినట్టు.

"సాలదయ్యా. ఎనక సక్రాలు వొదిలీ, ఎవలు సూస్తారు?"

"సగం నలుపు, సగం తెలుపు ఉంటే నవ్వరేటి?"

"బండినా, నిన్నా?"

ఏసురాజు ఆమె జడలోంచి కాస్త అడుగుదామనుకున్నాడు గానీ, ఆ జుట్టు నలుపు కూతురు రూబీ పుట్టిన ఏడాదే కిటికీ తలుపులకి అయిపోయింది.

శనివారానికి వెనక చక్రాల చుట్లూ నల్లబడ్డాయి. ఆదివారం ఒంట్లో బాగాలేదని చర్చికి కబురు పంపాడు. ఆఖరి అద్దం తొడుగు మిగిలింది. కనుబొమలైనా ఉంచుకోమంది జ్ఞానసుందరి. వాటితోనే పూర్తిచేశాడు.

సోమవారం నరసింగరావు బండి చుట్టూ తిరిగాడు. బంపరు మీద వేలు రాసి, అంటలేదని చూసుకున్నాడు. షోరూం బండిలా ఉందని మెచ్చుకుని తలెత్తాడు.

"డ్రైవరెవరు, పెద్దాయనా?"

"నానే బాబూ."

లైసెన్సు చూపించాడు. అందులో ఫొటో చూసి, పొరపాటున తమ్ముడిది తెచ్చావంటూ నరసింగరావు జాలిగా తిరిగిచ్చాడు. తన మొగుడికి యాభై రెండేనని జ్ఞానసుందరి గుమ్మంలోంచి చెప్పింది. ఆమెదీ ముగ్గుబుట్ట తలే. ఎవరు నమ్ముతారు?

"రాత్రుళ్లు ఒడిశా దాకా తోలాలి తాతా. నీవల్ల కాదు. బండి కిరాయికి ఉంచుకుంటాం, మా కుర్రాణ్ని పెట్టుకుంటాం."

ఇప్పుడు పికప్ సంజయ్ అనే కుర్రాడి చేతిలో ఉంది. ఎంత ఎండ కాసినా ప్లాస్టిక్ రంగు మారలేదు. ఏసురాజు తెల్లారకుండానే లేచి, స్నానం చేసి, చొక్కా తొడుక్కుంటాడు. మంచం మీద కూర్చుంటే దుప్పట్లు దులపాలంటుంది జ్ఞానసుందరి. అరుగు మీదికి వస్తే అక్కడ బియ్యం చెరగాలంటుంది. కోప్పడదు, కాస్త జరగమంటుంది, అంతే. అతను జరుగుతాడు. పగటిపూట ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో ఏసురాజు ఇంకా నేర్చుకోలేదు.